రాజ్‌నంద్‌గావ్ మార్గమున దొరికిన గ్రంథము

బొంబాయి నుండి హౌరాకు పోవు రైలుమార్గమున నాగపూరు దాటిన పిమ్మట గోందియా, డోంగర్‌గఢ్, రాజ్‌నంద్‌గావ్, దుర్గ్, భిలాయి అను స్టేషనులు ఒకదాని తరువాత ఒకటి వచ్చును. భిలాయి పేరు తెలుగు క్రైస్తవ కుటుంబములలో అనేకులకు తెలిసినదే. సోవియట్ దేశముతో 1955లో జరిగిన ఒడంబడికను బట్టి అక్కడ ఉక్కు కర్మాగారము కట్టబడెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఆ పని కొరకు ఉత్తరాంధ్ర పల్లెల నుండి మనవారు బయలుదేరి, విజయనగరము మీదుగా రాయపూరు పోవు బండి ఎక్కి, సెక్టార్లుగా విభజింపబడిన ఆ క్రొత్త నగరమున కాపురములు పెట్టిరి. వారితోకూడ తెలుగు బైబిలును, తెలుగు కీర్తనల పుస్తకమును అక్కడికి వెళ్లెను. నాడు మధ్యప్రదేశ్‌లోనున్న ఆ ప్రాంతము 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో చేరినది. మన దేశమున రైలుబండ్లు పరుగెత్తు పట్టాలలో చాలా భాగము ఆ కర్మాగారమునందు తయారైనవే.

భిలాయి ఇంకను ఒక చిన్న పల్లెగా ఉన్న దినములలో, కర్మాగారమునకు అరువది ఆరు సంవత్సరములకు పూర్వము, 1893లో, ఇదే మార్గమున ఒక మహారాష్ట్ర బ్రాహ్మణుడు నాగపూరులో బండి ఎక్కి రాజ్‌నంద్‌గావ్‌కు ప్రయాణము చేయుచుండెను. ఆయన పేరు నారాయణ వామన తిలక్. స్వరాజ్యోద్యమ నాయకుడైన లోకమాన్య బాలగంగాధర తిలక్ వేరు, ఈయన వేరు. ఇరువురును ఒకే కాలమువారు, ఒకే చిత్పావన శాఖవారు, ఇరువురును రత్నగిరి జిల్లాలో పుట్టినవారు. పేర్ల పోలికను బట్టి మన సంఘములలో కొందరు తికమకపడుట కలదు గనుక ఇది చెప్పవలసివచ్చినది.

నారాయణ వామన తిలక్ 1861 డిసెంబరు 6న కరజ్‌గావ్ అను గ్రామమున జన్మించెను. తండ్రి కఠినుడు. తల్లి జానకీబాయి భక్తిగల స్త్రీ, పద్యములన్న ప్రాణము. ఆమె చనిపోవునాటికి బాలునికి పండ్రెండేండ్లు నిండలేదు. ఆ దుఃఖముతో ఇల్లు విడిచి నాసిక్ చేరి, గణేశశాస్త్రి లేలే అను పండితుని యొద్ద సంస్కృతము నేర్చుకొనెను. ఇంగ్లీషు చదువు కొద్ది కాలమే సాగెను. సుమారు 1880లో, నాసిక్ సమీపమున జలాల్‌పూరు వాస్తవ్యులైన గోఖలే వారి కుమార్తె మనకర్ణికతో వివాహము జరిగెను. ఆమెకు అప్పటికి పదునొకండేండ్లు. అత్తవారింట ఆమెకు లక్ష్మి అని పేరు పెట్టిరి. ఆ లక్ష్మీబాయిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ కథలో భారమంతయు చివరకు ఆమె భుజముల మీదనే పడెను.

తిలక్ ఏ ఊరనైనను నిలకడగా ఉన్నవాడు కాడు. కొన్నాళ్లు బడిపంతులు, కొన్నాళ్లు పురాణ ప్రవచనకారుడు, కొన్నాళ్లు అచ్చుకూటమున అక్షరములు కూర్చువాడు. చేతిలోని డబ్బు ఎదురువచ్చిన బీదవానికి ఇచ్చివేసి ఇంటికి వట్టిచేతులతో వచ్చును. కోపము ఎక్కువ, జాలి అంతకన్న ఎక్కువ. కవిత్వము మాత్రము ఎక్కడికి పోయినను ఆయనను విడువలేదు. 1891 ప్రాంతమున నాగపూరులో అప్పాసాహెబ్ బుటీ అను ధనవంతుని ఆశ్రయమున సంస్కృత గ్రంథములను అనువదించు పని దొరికెను. అక్కడనే ఋషి అను పత్రికను కూడ నడిపెను.

ఆ దినములలో ఆయన మనస్సును పట్టి ఊపినది దేశభక్తి. భారతదేశము ఏల పడిపోయెను, మరల ఎట్లు లేచును అని రాత్రింబవళ్లు ఆలోచించెను. కులభేదములును, అర్థములేని ఆచారములును దేశమును తినివేయుచున్నవని ఆయనకు తోచెను. కావున పాత మతములేవియు చాలవు, దేశమునకు ఒక క్రొత్త మతము కావలెను అని నిర్ణయించుకొనెను. సృష్టికర్త ఒక్కడే, ఆయన అందరికి తండ్రి, మనుష్యులందరు సహోదరులు అను సూత్రములను తానే కూర్చుకొనెను. ఆ మతమునకు ఆచార్యుడు ఎవరు? అందుకు కూడ సమాధానము ఆయన యొద్ద సిద్ధముగా ఉండెను. తానే.

ఇక్కడ కొంచెము ఆగవలెను. విగ్రహారాధన తప్పని వాదించిన ఆ మనుష్యుని హృదయములో ఒక విగ్రహము నిలువబడియుండెను. అది రాయి కాదు, కొయ్య కాదు. అది దేశము అను పేరుగల మంచి సంగతి, దాని ప్రక్కనే దేశోద్ధారకుడు అను పేరుతో తన స్వంత ప్రతిమ. చెడ్డ వస్తువును పూజించువాడు ఒకనాడు సిగ్గుపడి విడిచిపెట్టవచ్చును. మంచి వస్తువును పూజించువానికి సిగ్గుపడుటకు కారణమే కనబడదు. అందువలన అట్టి పూజ ఎక్కువ కాలము నిలుచును.

రాజ్‌నంద్‌గావ్ అప్పట్లో ఒక చిన్న సంస్థానము. వైష్ణవ బైరాగుల పరంపరకు చెందిన రాజులు దానిని ఏలుచుండిరి. 1883 నుండి 1897 వరకు రాజా బలరాందాస్ పరిపాలించెను. ఆ సంస్థానమున ఉద్యోగము దొరికి తిలక్ నాగపూరులో బండి ఎక్కెను. నాగపూరు నుండి రాజ్‌నంద్‌గావ్ వరకు రైలు 1880 దశకపు ఆరంభములోనే వచ్చియుండెను. తరువాత బెంగాల్ నాగపూరు రైల్వే కంపెనీ దానిని వెడల్పుచేసి తూర్పునకు పొడిగించెను.

ఆ బండిలో ఒక పాశ్చాత్య క్రైస్తవుడు ఆయనకు సహప్రయాణికుడాయెను. తెల్లవారు తెల్లవారితోనే కూర్చుండు ఆ కాలమున ఆ మనుష్యుడు మర్యాదగా చోటిచ్చి మాటలు కలిపెను. మొదట సంభాషణ సంస్కృత కావ్యములను గూర్చి జరిగెను. క్రమముగా దేవుని సంగతులకు తిరిగెను. ఆయన తిలక్‌తో వాదింపలేదు, హిందూమతమును దూషింపలేదు. సత్యమును వెదకు ఈ మనుష్యుడు రెండు సంవత్సరములలో క్రీస్తును వెంబడించునని తన నమ్మకమును తెలిపి, ఒక క్రొత్త నిబంధన గ్రంథమును ఆయన చేతికిచ్చి, చదువుదునని మాట తీసికొనెను. తిలక్ లోలోపల నవ్వుకొనియుండవచ్చును. ఒక క్రొత్త మతమునకు ఆచార్యుడు కాబోవువానికి పరాయి మతగ్రంథముతో పనియేమి? అయినను మాట ఇచ్చెను గదా. ఇచ్చిన మాట తప్పువాడు కాడు.

అపొస్తలుల కార్యములలో ఐతియొపీయుడైన నపుంసకుడు రథములో కూర్చుండి చదువుచుండగా ఫిలిప్పు వచ్చి ప్రక్కన కూర్చుండిన సంగతి మనమందరము ఎరుగుదుము. ఆ పని కాగానే ఫిలిప్పు అతనికి మరల కనబడలేదు. రాజ్‌నంద్‌గావ్ బండిలో జరిగినదియు అటువంటిదే. తన ఒక్క గంట మాటలకు ఎట్టి ఫలము కలుగునో ఆ ప్రయాణికునికి ఆనాడు తెలియదు. తరువాతి నలువది సంవత్సరముల మరాఠీ క్రైస్తవ కీర్తన ఆ గంటలో ఇమిడియుండెను.

తిలక్ ఇల్లు చేరి పుస్తకము తెరచెను. పండితుని అలవాటు చొప్పున పెన్సిలు చేతబట్టి, తనకు సమ్మతముకాని చోట్ల గుర్తులు పెట్టుచు చదువసాగెను. మత్తయి సువార్తలో కొండమీది ప్రసంగమునకు వచ్చుసరికి పెన్సిలు ఆగిపోయెను. శత్రువును ప్రేమించుట, రహస్యమందు ప్రార్థించుట, రేపటిని గూర్చి చింతింపకుండుట, ఇద్దరు యజమానులకు దాసుడుగా ఉండనేరకపోవుట అను ఆ మాటల యెదుట ఆయన కూర్చిన సూత్రములు వెలవెలబోయెను. ఆ పేజీలను దాటి ముందుకు పోవ మనసొప్పలేదు. తాను కట్టదలచిన మతమునకు కావలసినదంతయు అంతకుముందే ఒకరు చెప్పియున్నారనియు, చెప్పుటయే గాక జీవించి చూపించి దాని కొరకు ప్రాణము పెట్టిరనియు ఆయన కనుగొనెను. ఆచార్యుని పీఠము అప్పటికే నిండియుండెను. తనకు మిగిలినది శిష్యుని స్థలము మాత్రమే.

మనలో అనేకులు దేవుని నడిపింపు అనగా కోరినదానికి అనుమతి లభించుట అని తలంచుచున్నాము. కొలువు దొరికిన నడిపింపు, బదిలీ ఆగిన నడిపింపు, అబ్బాయికి సీటు వచ్చిన నడిపింపు. తిలక్‌కు కలిగిన నడిపింపు అట్టిది కాదు. ఆయన చేతిలోనిది తీసివేయబడుటతోనే అది మొదలాయెను.

రాజ్‌నంద్‌గావ్‌లో ఉండగానే ఆయన ఒక క్రైస్తవ పత్రికకు మారుపేరుతో తన సందేహములను వ్రాసి పంపుచుండెను. ఈ సంగతి పొక్కెను. స్నేహితులు విరోధులైరి. సంస్థానపు కొలువు పోయెను. ఆయనకు స్వప్నములో కూడ హెచ్చరిక కలిగెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. స్వప్నములను నేను కాదనను. కాని మన సంఘములలో స్వప్నము కన్నవారిని గొప్పచేయు అలవాటు మితిమీరినది. తిలక్ విషయమున నాకు ఎక్కువ బలమైన సాక్ష్యముగా కనబడునది వేరు. జీతము పోవునని తెలిసియు, కులము వెలివేయునని తెలిసియు, చదువుచున్న పుస్తకమును ఆయన మూయలేదు.

1895 ఫిబ్రవరి 10వ తేదీన బొంబాయిలోని అమెరికన్ మిషను దేవాలయమున తిలక్ బాప్తిస్మము పొందెను. రైలులోని ఆ క్రైస్తవుడు చెప్పిన రెండు సంవత్సరములు ఇంచుమించుగా నిండెను.

సాక్ష్యపు కూటములలో ఈ కథ సాధారణముగా ఇక్కడ ముగియును. ఒక పండితుడు మారుమనస్సు పొందెను, హల్లెలూయ, కానుక పట్టుడు. కాని ఆ ఫిబ్రవరి దినమున లక్ష్మీబాయి భర్తతోలేదు. మూడు నాలుగేండ్ల కుమారుడు దత్తుతో పుట్టింటివారి మధ్య ఉండెను. భర్త మనస్సు మారుచున్నదని ఆమె పసిగట్టెను గాని, ఈ దినమున ఈ కార్యము జరుగునని ఆమెకు ముందుగా తెలియదు. వార్త పిడుగువలె పడెను. భర్త బ్రదికియుండగానే విధవకన్న హీనమైన బ్రదుకు ఆమెకు ప్రాప్తించెను. బంధువులు ఆమెను పండరిపురమునకు తీసికొనిపోయిరి. అక్కడ ఏడ్చుచు, వ్యాధిపడుచు, తన దుఃఖమును పద్యములుగా అల్లుకొనుచు ఆమె దినములు గడిపెను. ఆ ఎడబాటు నాలుగున్నర సంవత్సరములకు పైగా సాగెను.

తిలక్ తప్పు చేసెనా? దేవుని పిలుపు వినుటలో తప్పులేదు. కాని తనతో ఏడడుగులు నడచిన స్త్రీకి తన హృదయములోని పోరాటమును దాచియుంచుట విశ్వాసమునకు అవసరము కాదని నా అభిప్రాయము. నడిపింపు అను మాటను ఇంటివారి నోరు మూయించుటకు వాడుకొనువారిని మనము నేటికిని చూచుచున్నాము. ప్రభువు నాతో చెప్పెను అని ఒక్కమాట అనినచో భార్య ప్రశ్నింపకూడదు, పిల్లల చదువు సంగతి ఎత్తకూడదు. అది దేవుని ఆరాధించుట కాదు. దేవుని పేరిట తన ఇష్టమును ఆరాధించుట. తిలక్ అంతటివాడని నేను చెప్పుట లేదు. ఆయన ఆమెను మరువలేదు, ఉత్తరములు వ్రాయుచునే ఉండెను. అయినను నష్టమును ఎక్కువగా భరించినది ఎవరో మరచి ఈ చరిత్ర చదువుట న్యాయము కాదు.

చివరకు లక్ష్మీబాయి తానే అహమ్మదునగరు చేరెను. క్రైస్తవురాలు అగుటకు గాదు, భర్తయొద్ద ఉండుటకు మాత్రమే. ఆమె మడి, ఆమె వంట, ఆమె నీళ్లు వేరు. తిలక్ ఆమె ఆచారములకు అడ్డు చెప్పక, ఆమెకు కావలసిన ఏర్పాట్లన్నియు తానే చూచెను. ఇక్కడ ఆ తొందరపాటు మనుష్యుడు ఓర్పు నేర్చుకొనినట్లు కనబడును. మాట తూటావలె వదలు కవి, ఆమె విషయమున మౌనముగా కనిపెట్టెను. అహమ్మదునగరుకు సమీపమున రాహురిలో ఉండగా ఒకనాడు ఆమెకు ఉన్నట్టుండి తోచెను: కులములను దేవుడు చేసినచో పశువులలో జాతులకువలె మనుష్యుల శరీరములలో భేదము కనబడదా? ఇవి మనుష్యులు కల్పించినవే. ఆ దినము నుండి ఆమె ఎవరి చేతి నీళ్లయినను త్రాగెను. ఎవరును ఆమెకు బోధింపలేదు. 1900లో ఆమెయు దత్తుయు బాప్తిస్మము పొందిరి. భర్తను నడిపించిన దేవుడు భార్యను భర్త మాటున నడిపింపలేదు. ఆమెకు వేరుగా మార్గము చూపెను.

ఆ తరువాతి పదునేడు సంవత్సరములను త్వరగా చెప్పవచ్చును. అహమ్మదునగరులో అమెరికన్ మరాఠీ మిషను క్రింద తిలక్ వేదపాఠశాలలో బోధించెను, సువార్త సేవకు ప్రత్యేకింపబడెను, 1912 నుండి జ్ఞానోదయ పత్రికలోని మరాఠీ భాగమునకు సంపాదకత్వము వహించెను. పాశ్చాత్య రాగములలో బిగించిన అనువాద గీతములు పల్లెవారి నోట పలుకవని గ్రహించి, జ్ఞానేశ్వరుడు, తుకారాము పాడిన అభంగ ఛందస్సులో వందకు పైగా కీర్తనలు రచించెను. తుకారాము భక్తియే తనకు క్రీస్తు పాదముల యొద్దకు వంతెన యాయెనని ఆయన భావించెను. మన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు తెలుగు సంఘములకు ఎట్టివో, తిలక్ కీర్తనలు మరాఠీ సంఘములకు అట్టివి. పూవులను గూర్చియు పిల్లలను గూర్చియు వ్రాసిన పద్యములను హిందువులును ఆదరించిరి. బాలకవి అని ప్రసిద్ధికెక్కిన త్ర్యంబక బాపూజీ ఠోంబరే కొంత కాలము వారి ఇంటనే ఉండెను. ఆ ఇల్లు ఎప్పుడును అతిథులతో నిండియుండునది. డబ్బుతో మాత్రము ఎన్నడును నిండలేదు.

ఇంతవరకు చదివిన వారికి తిలక్ తన విగ్రహములన్నిటిని 1895లోనే దించివేసెనని తోచవచ్చును. అట్లు కాదు. మిషనులో గౌరవము వచ్చెను, నెలనెలకు జీతము వచ్చెను, పేరు వచ్చెను. వయస్సు ఏబది దాటెను. అప్పుడు ఆయనకు లోపల నుండి ఒక కలత పుట్టెను. తాను సేవించుచున్నది క్రీస్తునా, క్రీస్తు పేరిట నడచు ఏర్పాటునా? స్వదేశస్థులు ఆయనను తెల్లవారి జీతగాడుగా చూచినంత కాలము తన సాక్ష్యమునకు ఒక అడ్డుగోడ ఉండునని ఆయనకు తెలియును. అంతకన్న ముఖ్యముగా, ఆ జీతము తన ధైర్యమునకు ఆధారము అగుచున్నదేమో అని భయపడెను.

1917లో ఆయన మిషను కొలువు విడిచిపెట్టి సతారా చేరెను. అక్కడ దేవుని దర్బారు అను సహవాసమును స్థాపించెను. బాప్తిస్మము పొందిన వారును, పొందకయే క్రీస్తును గురువుగా అంగీకరించిన వారును ఆ దర్బారులో సహోదరులుగా చేరవచ్చును. ఇది సంఘ క్రమమునకు భంగమని అనేక క్రైస్తవులు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. బాప్తిస్మమును ద్వారము వెలుపల నిలిపిన సహవాసము ఎంత దూరము సాగునో తెలిసికొనుటకు ఆయనకు వ్యవధి దొరకలేదు. కాని ఏబది ఆరేండ్ల వయస్సున, దేహము బలహీనమైయుండగా, నిశ్చయమైన జీతమును విడిచి తెలియని మార్గమున అడుగు పెట్టిన ఆ నిర్ణయమును ఆక్షేపించుటకు నాకు నోరు రాదు.

భిలాయివంటి ఊరిలో కాపురమున్న వారికి ఈ చివరి అడుగు దగ్గరగా తగులును. సెప్టెంబరు 17న కర్మాగారములలో విశ్వకర్మ పూజ జరుగును. యంత్రములకు పూలమాలలు వేయుదురు, పనిముట్లకు బొట్లు పెట్టుదురు. మన క్రైస్తవ కార్మికుడు ప్రక్కకు తొలగి నిలుచుండును, ప్రసాదము ముట్టడు, సాయంకాలము నిర్మలమైన మనస్సాక్షితో ఇల్లు చేరును. మంచిదే. అయితే ఆ యంత్రమునకు పూలు వేసినవాడు మరునాటికి పూలు తీసి చెత్తబుట్టలో వేయును. వేయని మనవాడు సంవత్సరమంతయు దేనిని నమ్ముకొని నిద్రించుచున్నాడు? క్వార్టరు, ప్రావిడెంటు ఫండు, కుమారునికి అదే కర్మాగారములో కొలువు. ఇవి దేవుడిచ్చిన ఈవులే. కాని పదవీ విరమణ దినము సమీపించి క్వార్టరు ఖాళీచేయవలసి వచ్చినప్పుడు కొందరి ముఖములు పూజగదిలో దీపమారిన ఇంటివలె ఉండును. నలువది యేండ్లు ఆదివారము తప్పక గుడికి వచ్చిన పెద్దలు, ఇక దేవుడు ఎక్కడికి నడిపించునో అని గాక, ఇక దిక్కెవరు అని అడుగుదురు. వారిని నిందించుట సులభము కాదు. పెన్షను చాలని వృద్ధుని భయము నిజమైన భయము. తిలక్ ఇంటను ఆ భయము ఉండెను. విశ్వాసము ఆకలిని మాన్పించు మందు కాదని లక్ష్మీబాయికి తెలిసినంతగా మరెవరికిని తెలియదు.

దర్బారు స్థాపింపబడిన తరువాత ఆయన రెండు సంవత్సరములు మాత్రమే బ్రదికెను. 1919 మే 9వ తేదీన బొంబాయిలోని జె.జె. ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించెను. నాయకుడు లేని దర్బారు నిలువలేదు. ఆయన ఆస్తి ఏమియు విడువలేదు. క్రీస్తు చరిత్రను మరాఠీ ఓవీ ఛందస్సులో మహాకావ్యముగా వ్రాయుటకు పూనుకొని, క్రిస్తాయనము అను పేరుతో ఆరంభించి, కొన్ని అధ్యాయములు మాత్రమే ముగించెను. మిగిలిన కాగితములు ఇంటిలో పడియుండెను.

లక్ష్మీబాయి బడికి వెళ్లి చదివినది కాదు. అక్షరములు ఆమెకు భర్తయే పెండ్లియైన తరువాత నేర్పెను. తరుచుగా కోపపడుచు నేర్పెనని ఆమెయే నవ్వుచు వ్రాసికొనెను. ఆయన పోయిన పిమ్మట ఆమె ఆ కాగితములను ముందుపెట్టుకొని, ఆయన ఆపినచోట మొదలుపెట్టి, ఒక్కొక్క అధ్యాయమే కూర్చుచు కావ్యమును పూర్తిచేసెను. ఆయన వ్రాసిన భాగముకన్న ఆమె వ్రాసినదే చాలా ఎక్కువ. తమ కాపురమును గూర్చి స్మృతిచిత్రములు అను గ్రంథమును కూడ మొదలుపెట్టెను. అందులో రాజ్‌నంద్‌గావ్ దినములును, పండరిపురపు కన్నీరును, రాహురిలో త్రాగిన నీళ్లును అన్నియు ఉన్నవి. ఎక్కడను ద్వేషము లేదు. హాస్యము మాత్రము పుట పుటకును ఉన్నది. 1934 నుండి భాగములుగా వెలువడిన ఆ పుస్తకము మరాఠీ భాషలోని ఉత్తమ స్వీయచరిత్రలలో ఒకటిగా నేటికిని చదువబడుచున్నది. 1936 ఫిబ్రవరి 24న ఆమె కన్నుమూయునాటికి దాని చివరి భాగము ఇంకను అచ్చు కాలేదు. కుమారుడు దేవదత్తుడు, పండరిపురమున తల్లి ఒడిలో ఉండిన ఆ దత్తుయే, దానిని అచ్చువేయించెను.